లిఫ్టర్ మీదికే

శుక్రవారం గ్రౌండు చేజారిపోయేలా ఉందన్న సంగతి తెలిసేసరికి క్యాంపంతా జితేందర్ మీద పడింది. పడదా మరి! ఒప్పుకుని వచ్చింది అతనే.

ఇబ్రా అనే అరబ్బు ఊళ్ళో, వాళ్ళ కంపెనీ కూలీల క్యాంపు గోడకు అవతలే ఉంటుంది ఆ గ్రౌండు. పెద్ద హంగేమీ లేదు. చదును చేసిన మట్టి, రెండు ఇనుప స్తంభాలు, మధ్యలో వాలీబాల్ నెట్టు, మూలకొక లైటు. ఆ పేట క్లబ్బుది. తాళంచెవి హమూద్ అనే పెద్దాయన దగ్గర ఉంటుంది. మిగతా వారమంతా క్యాంపు మనుషులకు చీకటితో బస్సెక్కి చీకటితో బస్సు దిగడమే బతుకు. వాళ్ళదంటూ మిగిలింది జుమ్మా, అంటే శుక్రవారం, ఒక్కటే. ఆ రోజు బట్టలు ఉతుక్కుని, ఇంటికి వీడియో కాల్ చేసి, అన్నం తిని కాసేపు నడుం వాల్చి, ఎండ దిగగానే గ్రౌండు మీద పడితే మళ్ళీ చీకటి పడేదాకా మనుషులు మనుషుల్లా ఉండరు. పిల్లలైపోతారు.

ఆ గ్రౌండు మీద మిగతా సాయంత్రాలన్నీ కాలేజీ టీమువే. ఇప్పుడు వాళ్ళకు ఏదో పెద్ద టోర్నమెంటు దగ్గర పడిందట, శుక్రవారం కూడా కావాలన్నారు. హమూద్ రెండు టీముల కెప్టెన్లనూ పిలిపించి, గడ్డం గోక్కుని, హిందీలో తీర్పు చెప్పేశాడు.

"ఏక్ మ్యాచ్. జో జీతా, జుమ్మా ఉస్‌కా. ఖలాస్."

అప్పుడు జితేందర్ ఒక్క క్షణం ఆలోచించాల్సింది. బీడీలు చుట్టే తల్లి చదివిస్తే వాళ్ళింట్లో మొదటిసారి డిగ్రీ పాసైనవాడు అతను. నియమం అందరికీ ఒక్కటే అయితే అది న్యాయమేనని గట్టిగా నమ్మేవాడు. అందుకే తల ఊపి, "ఫెయిర్ హై" అని వచ్చేశాడు.

"ఫెయిరా?" అన్నాడు దేవయ్య. పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పనిలో తల నెరిసిన మనిషి, క్యాంపు టీముకు షూటర్. నెట్టు దగ్గర ఎగిరి కొట్టే పని ఆయనది. "ఆళ్ళకు వారమంత ఉన్నది. మనకున్నది ఒక్కటే జుమ్మా. ఆ ఒక్కదాన్ని పందెంల పెట్టొచ్చినవ్. డిగ్రీల గిదే చెప్పిన్రా బిడ్డా?"

"రెండు టీములకూ సమానంగా అవకాశం ఉంది కదా మామా..."

"ఆళ్ళు ఓడితే ఏం పోతది? ఏం పోదు. మనం ఓడితే?"

ఇంత చిన్న లెక్క తనకెందుకు తట్టలేదో జితేందర్‌కే అర్థం కాలేదు.

"సేఫ్టీ సారు గద," అన్నాడు క్రేన్ నడిపే కుమార్, మంచం మీద అటు తిరిగి పడుకుంటూ. "మనకు బెల్టు పెట్టుకోమని చెప్తడు. ఆయన మటుకు బెల్టు లేకుండనే దుంకిండు."

జితేందర్ కంపెనీలో సేఫ్టీ అసిస్టెంటు. రోజూ పొద్దున్నే అందరినీ నిలబెట్టి హెల్మెట్టు గురించీ, బెల్టు గురించీ, క్రేన్ కింద నిలబడకూడదన్న దాని గురించీ చెప్పడం అతని డ్యూటీ. రోజూ పొద్దున్నే అందరూ ఆవలిస్తారు. అలాంటివాడు చేతులారా ఇలాంటి పని చేసి దొరికిపోతే ఊరుకుంటారా!

సరే, ఒప్పుకున్నాక గెలవాలి. గెలవాలంటే ఖల్ఫాన్‌ను ఆపాలి.

ఖల్ఫాన్ అంటే కాలేజీ టీము లిఫ్టర్. సన్నగా, పొడుగ్గా, వేళ్ళకు తెల్ల టేపు చుట్టుకుని ఉంటాడు. లిఫ్టరంటే తెలిసిందే, వచ్చిన బంతిని షూటర్‌కు అందేలా నెట్టు మీదికి లేపేవాడు. ఆ కాలేజీ షూటర్లు మామూలు కుర్రాళ్ళే. కానీ ఖల్ఫాన్ లేపితే చేతికర్ర పట్టుకున్న ముసలాయన కూడా కొట్టగలడు. పైగా అతను ఎటు లేపుతాడో ఎవరికీ అంతు చిక్కదు. ముఖం ఎడమకు తిప్పుతాడు, చేతులు ఎడమకే పోతాయి, అవతలివాళ్ళంతా ఎడమకు పరిగెడతారు. బంతి మాత్రం అతని వీపు వెనకనుంచి కుడికి పోయి ఉంటుంది.

జితేందర్ కాలేజీ వాళ్ళ ఆటను ఫోన్‌లో తీసుకొచ్చి, మెస్సులో గోడ మీద వేసి చూపించాడు. టీము మొత్తం నేల మీద కూర్చుంది.

"చూడండి, ఇక్కడ మన కళ్ళు అతని ముఖం మీద ఉంటాయి. ఉండకూడదు. భుజం చూడాలి..."

"అబ్బ! ఏం లేపిండు రా!" అన్నాడు కుమార్.

"భుజం చూడమంటున్నాను."

"జర వెనకకు తిప్పు సారూ. మళ్ళొక్కసారి చూద్దం," అన్నాడు నర్సింగ్. సైటులో క్రేన్‌కు సైగలు చేసే రిగ్గర్ అతను, మామూలుగా మాట తక్కువ మనిషి.

జితేందర్ సంబరంగా వెనక్కి తిప్పాడు. పోనీ, నేర్చుకుంటున్నారు అనుకున్నాడు. మూడోసారి కూడా తిప్పమన్నాక గాని తెలియలేదు, వాళ్ళు నేర్చుకోవడానికి చూడటం లేదు, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు. దేవయ్యయితే చప్పట్లు కొట్టాడు.

"మామా! మనం ఆడాల్సింది వీళ్ళ మీద!"

"తెలుసురా. అయితే మంచిగ ఆడెటోన్ని మంచిగ ఆడుతున్నడు అనద్దా?"

జితేందర్ ఫోను ఆపేసి, నుదురు రుద్దుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "వినండి. షూటర్లను ఆపే పని పెట్టుకోవద్దు. వాళ్ళ దాకా బంతి పోవాలంటే ఖల్ఫాన్ చేతిమీదుగానే పోవాలి. ఒక మనిషి వరసగా రెండుసార్లు బంతి ముట్టకూడదు కదా. అందుకని మనం బంతిని అతని మీదికే వెయ్యాలి. మొదటి దెబ్బ అతనే తీసుకుంటే రెండోది అతను లేపలేడు. ఇంకెవడో లేపాలి. ఆ ఇంకెవడికీ చేతకాదు."

అందరికీ అర్థమైంది. అర్థమయ్యాకే వచ్చింది అసలు చిక్కు.

"అంటే నేను షాట్ కొట్టద్దా?" అన్నాడు దేవయ్య.

"కొట్టొద్దు మామా. కొట్టబోయినట్టు ఎగిరి, మెల్లగా అతను నిలబడ్డ చోట వదిలెయ్యాలి."

"మెల్లగనా? గంతమంది చూస్తుంటే మెల్లగనా?"

"మెల్లగానే."

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని వింటున్న దస్తగిర్ నవ్వాడు. కడప జిల్లావాడు, క్యాంపు వంటమనిషి. "ఏం సామీ, పప్పు చెయ్యి గానీ తిరగమోత ఎయ్యొద్దు అన్నట్టుండాదే నీ కత!"

అందరూ పగలబడి నవ్వారు. జితేందర్‌కు నవ్వు రాలేదు.

* * *

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మ్యాచ్ మొదలైంది. హమూద్ ఒక ఖాళీ పీపా మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మెడలో విజిల్‌తో పైకెక్కి కూర్చున్నాడు. మూడు గేముల్లో రెండు ఎవరు గెలిస్తే శుక్రవారం వాళ్ళది.

జితేందర్ క్యాంపు టీముకు కెప్టెనూ, లిఫ్టరూ. లిఫ్టర్‌గా గొప్పవాడేమీ కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే బుర్రను నమ్ముకున్నాడు. ప్రతి సర్వీసుకు ముందూ ఏం చెయ్యాలో గొంతెత్తి చెప్పాడు. దాచుకునే పనేముంది? మలయాళీ ఫోర్‌మన్ ముందయినా, పఠాన్ డ్రైవర్ ముందయినా వాళ్ళు మాట్లాడుకునేది అలాగే. తెలుగులో అరిచారంటే గోడ చాటున మాట్లాడుకున్నట్టే లెక్క.

"మామా, లిఫ్టర్ మీదికే!"

దేవయ్య నిజంగానే మాట విన్నాడు. కొట్టబోయినట్టు ఎగిరి, మనసు చంపుకుని, మెల్లగా వదిలాడు. కానీ బంతి దిగేసరికి అక్కడ ఖల్ఫాన్ లేడు. ఒకడుగు వెనక్కి జరిగాడు. అతని స్థానంలోకి వచ్చిన ఇంకో కుర్రాడు బంతి అందుకున్నాడు, ఖల్ఫాన్ తీరిగ్గా లేపాడు, ధడేల్మని షాట్ పడింది.

"కుమార్, ఈసారి ఎడమ పక్క కాపు కాయి! అటే లేపుతాడు!"

కుమార్ ఎడమకు పోయాడు. బంతి కుడికి పోయింది.

"వెనక మూలకు వెయ్యండి, అక్కడెవరూ లేరు!"

అక్కడికి బంతి పోయేసరికి ఇద్దరున్నారు.

జితేందర్‌కు తిక్క రేగింది. ప్లాను తప్పా? తప్పు కాదు. మనుషులు వినడం లేదా? ఎప్పుడూ విననివాళ్ళు ఇవాళే చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు. మరి ఆ కుర్రాడికి ముందుగా ఎలా తెలుస్తోంది? వీపుకు కళ్ళున్నాయా? మొదటి గేము పోయింది. అదీ మామూలుగా కాదు, పరువు తీసేలా పోయింది.

"గందుకే జెప్పిన, నన్ను కొట్టనియ్యమని," దేవయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ సాధించాడు. "మెల్లగనట మెల్లగ. బంతిని జోకొట్టి పండుకోబెట్టుమన్నట్టు."

నీళ్ళ డబ్బా రెండు టీములకూ ఒక్కటే. అందరూ దాని చుట్టూ చేరారు. మనసులో ఉక్రోషం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక దేవయ్య కుమార్ వైపు తిరిగాడు.

"నువ్వేందిరా, బ్లాకుకు ఎగుర్తున్నవా, గ్యాసు బండను జరుపుతున్నవా? కాళ్ళు భూమ్మీదనే ఉన్నయ్, సప్పుడు మటుకు ధన్ ధన్ వస్తున్నది!"

క్యాంపు వాళ్ళు నవ్వారు. అదేమంత వింత కాదు. వింతేమిటంటే అవతలి పక్క నీళ్ళు తాగుతున్న ఖల్ఫాన్‌కు పొలమారింది. నీళ్ళు ముక్కులోంచి వచ్చేంతగా దగ్గుతూ, వంగిపోయి నవ్వుతున్నాడు. అతని టీమువాళ్ళు ఏమైందో తెలియక ముఖముఖాలు చూసుకుంటున్నారు.

జితేందర్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. మెల్లగా దగ్గరికి వెళ్ళి, తెలుగులోనే అడిగాడు.

"నవ్వెందుకొచ్చింది తమ్మీ?"

"ఏం లేదండి," అనేసి ఖల్ఫాన్ నాలుక కరుచుకున్నాడు.

"తెలుగొచ్చా నీకు?"

"ఆయ్. వచ్చండి."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండి," అన్నాడు ఖల్ఫాన్, గోదావరి ఒడ్డున పుట్టినవాడిలా. "నేను మీ మాటలు వినాలనుకోలేదండి బాబూ. మీరే గట్టిగా చెప్తున్నారు. చెవులు మూసుకుని ఆట ఎలాగండి ఆడేది?"

జితేందర్‌కు ఒళ్ళు మండిపోయింది. ఖల్ఫాన్ మీద కాదు. తన మీదే. గేమంతా తన నోటితో తానే అవతలివాడికి ప్లాను అప్పజెప్పాడు. వెంటనే టీమును దూరంగా తీసుకెళ్ళి హెచ్చరించాలనుకున్నాడు. కానీ వెనక్కి తిరిగేసరికి టీము అక్కడ లేదు. ఖల్ఫాన్ చుట్టూ ఉంది.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అడిగాడు దేవయ్య.

"మా లీలమ్మండి. లీలాకుమారి గారు. మా ఇంట్లో పని చేసేవారు, నన్ను ఆవిడే పెంచారు. అమలాపురం అవతలండి ఆవిడది."

"ఇప్పుడు ఎక్కడున్నదిరా?"

"వెళ్ళిపోయారండి. మోకాళ్ళు పట్టేశాయని వాళ్ళబ్బాయి తీసుకెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే 'తిన్నావా నాయనా' అంటారండి. ఆవిడ వెళ్ళాక నాతో తెలుగు మాట్లాడేవాళ్ళే లేరు."

అంతే. క్యాంపు టీము కరిగి కారిపోయింది. నర్సింగ్, ఎప్పుడూ మాట్లాడని నర్సింగ్, ఆ కుర్రాడి భుజం తట్టాడు. "మన పిల్లగాడే!" అని కుమార్ అందరికీ చాటాడు, అంతకుముందు తనను చూసి నవ్విన సంగతే మరిచిపోయి. దస్తగిర్ ఆటగాళ్ళ కోసం ఉడకబెట్టి తెచ్చిన బొబ్బెర గుడాల, అంటే అలసంద గుగ్గిళ్ళ, గిన్నె మూత తీశాడు. దేవయ్య స్వయంగా దోసిలి నింపాడు.

"తిను కొడుకా. ఉల్లిగడ్డ ఉన్నది, నిమ్మకాయ ఉన్నది."

"మామా, మనం ఆటలో ఉన్నాం!" అన్నాడు జితేందర్. "వాడు అవతలి లిఫ్టర్!"

"లిఫ్టరైతే ఏంది, ఆకలి గాదా?"

ఖల్ఫాన్ గుడాలు నముల్తూ, "చాలా బాగున్నాయండి," అన్నాడు వినయంగా.

జితేందర్ ఆకాశం వైపు చూశాడు. శుక్రవారం పోతోంది. ఇంకొక్క గేము ఓడితే సాయంత్రం ఇదే జనం రూముల్లో కూర్చుని తన్నే తిడతారు. వచ్చే శుక్రవారం తిడతారు, ఆ పై శుక్రవారం తిడతారు. ఆ తిట్లు తినబోయేవాడు తప్ప ఇక్కడ ఎవరికీ బెంగ ఉన్నట్టు లేదు.

టీమును రెక్కలు పట్టుకుని పక్కకు లాక్కెళ్ళాడు.

"ఇప్పటినుంచి ఎవరూ నోరు విప్పకూడదు. ఒక్క మాట కూడా."

"మాట్లాడకుండ ఎట్ల ఆడుతం సారూ?" అన్నాడు కుమార్ నిజంగానే అయోమయంగా.

"సైటులో క్రేన్ ఎలా నడుస్తోంది? నువ్వు పైన, నర్సింగ్ కింద. అరిస్తే వినిపిస్తుందా? చేతి సైగలతోనే కదా. నేను రోజూ పొద్దున్నే గొంతు చించుకుని చెప్పేది అదే కదా!" జితేందర్ అరచేత్తో నెత్తి తట్టుకున్నాడు. "క్రేన్ సైగల్లో ఇది పెద్ద కొక్కెం. ఇలా తడితే బంతి లిఫ్టర్ మీదికి." మోచెయ్యి తట్టాడు. "ఇది చిన్న కొక్కెం. వెనక మూలకు. చెయ్యి చాపి వేలు ఎటు చూపితే బ్లాకు అటు. అంతే."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున్నే ఆవలిస్తూ విన్నా, సైగలు మాత్రం ఒంటికి పట్టి ఉన్నాయి. పట్టకపోతే సైటులో మనిషి మిగలడు.

రెండో గేములో మొదటిసారి ఖల్ఫాన్ మొహంలో తికమక కనిపించింది. అవతల ఎవరూ అరవడం లేదు. వాళ్ళ కెప్టెన్ నెత్తి తట్టుకుంటున్నాడు, మోచెయ్యి గోక్కుంటున్నాడు. చెమటేమో అనుకున్నాడు పాపం. దేవయ్య బంతి సరిగ్గా అతని గుండెల మీద పడింది, చేతులు అడ్డం పెట్టక తప్పలేదు. మొదటి దెబ్బ అతనిదే అయింది. రెండోది లేపబోయిన కుర్రాడు బంతిని తీసుకెళ్ళి హమూద్ కుర్చీకి కొట్టాడు.

పాయింటు మీద పాయింటు వచ్చింది. జితేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. వచ్చి ఊరుకుందా? ఒక బంతి గీత మీద పడితే హమూద్ బయట పడిందన్నాడు. మిగతావాళ్ళు పట్టించుకోకుండా తరువాతి సర్వీసుకు సిద్ధమయ్యారు. జితేందర్ మాత్రం ఆ అన్యాయాన్ని వదల్లేకపోయాడు. బంతి గాల్లో ఉండగానే హమూద్ వైపు తిరిగి, ఇదెక్కడి న్యాయమన్నట్టు రెండు చేతులూ బార్లా చాపి ఊపాడు.

టీము మొత్తం బిగుసుకుపోయింది. కుమార్ చేతులు పైకెత్తినవాడు ఎత్తినట్టే, నర్సింగ్ వంగినవాడు వంగినట్టే. బంతి వాళ్ళ మధ్యలో మెత్తగా పడి, దొర్లుకుంటూ పోయింది.

"ఏంటిది? ఎందుకు ఆగారు?"

"రెండు చేతులు సాపితే ఎమర్జెన్సీ స్టాపు," అన్నాడు నర్సింగ్ నెమ్మదిగా. "ఎవ్వలు సాపినా ఎక్కడోళ్ళక్కడ ఆగాలె. నువ్వే చెప్పినవ్ గద సారూ."

చెప్పిన మాట నిజమే. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ అప్పజెప్పించుకున్న మాట కూడా నిజమే. జితేందర్ తన చేతుల్ని జేబుల్లో పెట్టుకుందామంటే నిక్కరుకు జేబుల్లేవు. మిగతా గేమంతా చేతుల్ని అదుపులో పెట్టుకోవడమే అతనికి పెద్ద పనయింది. ఎలాగైతేనేం, రెండో గేము క్యాంపుది.

మూడోది పదిహేను పాయింట్ల గేము. మొదట్లో సైగలు బాగానే పనిచేశాయి. కానీ ఖల్ఫాన్ ఊరికే అంత పేరు తెచ్చుకోలేదు. నోరు మూసుకుని చూశాడు, చూశాడు. పది పాయింట్లు దాటాక జితేందర్ నెత్తి మీద చెయ్యి పెట్టగానే ఒకడుగు వెనక్కి వేశాడు. మోచేతి మీదికి చెయ్యి పోగానే వెనక మూలకు మనిషిని పంపాడు. చూసి చూసి పాఠం పట్టేశాడు! తన క్లాసులో ఇన్నాళ్ళుగా ఒక్కరైనా ఇంత శ్రద్ధగా విన్నారా అని జితేందర్‌కు ఆ స్థితిలోనూ కడుపు మండింది.

పదమూడుకు పదమూడు. కాలేజీవాడు సర్వీసు వృథా చేసి పద్నాలుగో పాయింటు పుణ్యానికి ఇచ్చాడు. ఇంకొక్కటి. జితేందర్ దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు. అరిస్తే వింటాడు, సైగ చేస్తే చూస్తాడు. ఆ కుర్రాడికి తెలియకుండా ఇక ఏం చేసేది?

నెట్టుకు అవతలినుంచి ఖల్ఫాన్ చిరునవ్వుతో పలకరించాడు. "దేవయ్య మామా, గుడాలు ఇంకా ఉన్నాయాండి?"

"గిన్నెడున్నయ్ బిడ్డా, నీకే దాపెట్టిన..."

"మామా! నోరు!" అన్నాడు జితేందర్ పళ్ళ బిగువున.

"అడిగిండు గదరా. అడిగితే చెప్పద్దా?"

విజిల్ మోగింది. కుమార్ సర్వీసు వేశాడు. అవతలినుంచి షాట్ వచ్చింది, నర్సింగ్ నేలకు కరుచుకుని లేపాడు, బంతి అటూ ఇటూ రెండుసార్లు తిరిగి చివరికి జితేందర్ తల మీదికి వచ్చింది. దేవయ్యకు లేపాడు. వంకరగానే లేపాడు, అయినా లేచింది. దేవయ్య పరిగెత్తుకొచ్చాడు. ఇంతసేపు బిగబట్టిన నోరు ఇక ఆయన వశంలో లేదు. ఎగురుతూ ఎగురుతూ గ్రౌండంతా దద్దరిల్లేలా అరిచాడు.

"నీ మీదికేరా బిడ్డా! పట్టుకో!"

జితేందర్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది. దేవయ్య ఇంటి తాళంచెవి తీసి అవతలివాడి చేతిలో పెట్టేసినట్టే.

ఖల్ఫాన్ ఆ అరుపు విన్నాడు. తనకు తెలుగు వస్తుందని వాళ్ళకు తెలుసు. తెలిసి కూడా తెలుగులో అరిచారంటే అది కచ్చితంగా ఎర. ఏ తెలివైన ఆటగాడైనా అదే అనుకుంటాడు. అతను నవ్వుకుంటూ, ఉన్నచోటు వదిలి, వెనక మూలకు దూకాడు.

బంతి అతను అంతదాకా నిలబడ్డ చోటే మెల్లగా, జోకొట్టినంత మెల్లగా పడింది.

హమూద్ విజిల్ ఊదాడు. క్యాంపంతా గ్రౌండులోకి వచ్చి పడింది. దస్తగిర్ గరిటెతో గిన్నె మీద వాయించాడు. మట్టిలో బోర్లా పడిన ఖల్ఫాన్ తలెత్తి దేవయ్య వైపు చూశాడు.

"నిజం చెప్తారని అనుకోలేదండి!"

"మామ నీకు అబద్ధం చెప్తడారా?" దేవయ్య మనసు నొచ్చుకున్నట్టుగా అని, నెట్టు కింద నుంచి దూరి వెళ్ళి అతణ్ణి లేపాడు. "పట్టుకో అన్న గద. ఎందుకు వట్టుకోలె?"

జితేందర్ అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. గెలిచారు. శుక్రవారం మిగిలింది. వీడియోల వల్ల కాదు, ప్లాను వల్ల కాదు. ముసలాయన నోరు ఆగకపోవడం వల్ల. ఈ మాట ఎవరితోనైనా అంటే ప్లాను నీదే కదా, లిఫ్టర్ మీదికే వేశాడు కదా అంటారు. నిజమే. కానీ అలా కాదు. ఎలా కాదో చెప్పబోతే ఎవరూ వినే స్థితిలో లేరు, అందరూ దేవయ్యను ఎత్తుకుని తిప్పుతున్నారు.

* * *

మరుసటి శుక్రవారం ఎండ దిగగానే జితేందర్ బంతి చంకన పెట్టుకుని, అందరికంటే ముందు గ్రౌండుకు వెళ్ళాడు. ఇన్నాళ్ళకు మనసు నిమ్మళంగా ఉంది. గేటు దగ్గర ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు, వేళ్ళకు టేపు చుట్టుకుని. పక్కన కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు.

"ఇవాళ మాది కాదని తెలుసండి," అన్నాడు. "ఊరికే వచ్చాం. కూర్చుని చూస్తాం."

జితేందర్ మర్యాదగా, నియమం ప్రకారం ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఉండగానే వెనకనుంచి దేవయ్య గొంతు వినిపించింది.

"చూసుడేందిరా, ఆడుడే! రా రా బిడ్డా!"

"లిఫ్టర్ మా దిక్కు!" అని కుమార్ పరిగెత్తుకొచ్చాడు.

"నీ దిక్కెట్లా? దోస్తానం మొదలు నేను జేసిన," అని దేవయ్య అడ్డం పడ్డాడు. నర్సింగ్ ఏమీ అనకుండా ఖల్ఫాన్ మోచెయ్యి పట్టుకుని తన వైపు గుంజుతున్నాడు.

"ఒక్క నిమిషం!" అన్నాడు జితేందర్. "కాలేజీవాళ్ళు శుక్రవారం రాకూడదనే కదా మనం ఆడింది? రాకూడదనే కదా గెలిచింది? మళ్ళీ రానిచ్చేటట్టయితే నన్ను తిట్టిన తిట్లన్నీ ఎందుకు తిట్టినట్టు?"

"కాలేజోళ్ళు ఎక్కడొచ్చిన్రు?" అన్నాడు దేవయ్య ఆశ్చర్యంగా చుట్టూ చూసి. "ఇది మన పిల్లగాడు. ఆ ఇద్దరు ఆయన దోస్తులు."

చివరికి ఖల్ఫాన్ దేవయ్య పక్షానికి పోయాడు. జితేందర్ అవతలి పక్షానికి కెప్టెన్. అంటే ఆ కుర్రాడిని ఎలా ఆపాలో మళ్ళీ మొదటినుంచి ఆలోచించాల్సింది అతనే. ఆలోచించాడు. సర్వీసు ముందు అలవాటు కొద్దీ నెత్తి తట్టాడు.

"బిడ్డా, ఆయన నెత్తి మీద కొట్టుకున్నడంటే నీ మీదికే వస్తది, జర జరుగు," అని నెట్టు అవతల దేవయ్య శ్రద్ధగా నేర్పుతున్నాడు.

"తెలుసండి మామా."

జితేందర్ ఇక తట్టుకోలేకపోయాడు. బంతి కింద పడేసి, రెండు చేతులూ బార్లా చాపి ఊపాడు.

గ్రౌండు మొత్తం ఆగిపోయింది. కుమార్ ఆగాడు, నర్సింగ్ ఆగాడు, దేవయ్య నోరు కూడా సగంలో ఆగింది. ఒంటికాలి మీద ఖల్ఫాన్ కూడా కదలకుండా నిలబడ్డాడు. అందరూ సేఫ్టీ సారు ఏం చెప్తాడా అని అతని వైపే చూస్తున్నారు.

ఒక్కసారిగా అంతమంది తన మాట విన్నాక, చెప్పడానికి అతనికి ఒక్క మాటా దొరకలేదు.

"సర్వీసు వెయ్యండి," అన్నాడు.